తెరలు మూసిన పూట

పోయినవారం మనం గాదోర్‌ని ఆస్పత్రి వరండాలో వదిలేసి వచ్చాం. గాజు తలుపుకి అవతల లహ్సెన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇవతల బెంచీ మీద అతని భార్య యామ్నా అతని చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గాదోర్ వాళ్ళ నాన్న ఇందలేసియో గ్రీన్‌హౌస్‌లో టమాటాలు కోస్తూ, ఆ వేడికి తట్టుకోలేక కూలిపోయిన మనిషి అతను. ఎందుకు కూలిపోయాడని ఊరంతా అడుగుతోంది. ఇవాళ సాయంత్రం సహకార సంఘం హాల్లో, రైతులందరి ముందూ నిలబడి, గాదోర్ దానికి జవాబు చెప్పాలి.

జవాబు ఆమె దగ్గర సిద్ధంగానే ఉంది, అదీ రంగుల్లో. గ్రీన్‌హౌస్ లోపలి గాలిని కంప్యూటర్‌లో లక్షల చిన్న గదులుగా విడగొట్టి, ఒక గదిలోంచి పక్క గదిలోకి గాలి ఎంత పోతుందో, వేడిని ఎంత మోసుకుపోతుందో లెక్క కట్టించడం ఆమె చదువు, ఆమె ఉద్యోగం. తప్పు వలది అని ఆ లెక్క తేల్చింది. గోడల్లా వేలాడే ప్లాస్టిక్ పక్క తెరలు తెరిచే ఉన్నాయి కానీ, పురుగులు రాకుండా కట్టిన వల మరీ సన్నం కావడంతో గాలి ఆడలేదు, లోపల నలభై ఆరు డిగ్రీలైంది. ఆ వల నేసింది ఎవరో కాదు, ఆమె సొంత మేనమామ హినేస్. ఈ సాయంత్రం ఆ బొమ్మ హాల్లో అందరి కళ్ళా పడిందంటే, రేపు తెల్లారేసరికి ఈ ప్రాంతమంతా వలలు విప్పి ఆయన కార్ఖానా గుమ్మంలో పారేస్తుంది. మా వాళ్ళకి కోపం తొందరగానే వస్తుంది, పోవడమే ఆలస్యం.

అయితే హినేస్ గట్టి మనిషి. నిన్న మేనకోడల్ని పిలిచి వల ముక్క ఒకటి చేతిలో పెట్టి, "దీన్ని పరీక్ష చేసి, ఆ తర్వాత నన్ను ఉరి తియ్యవే" అన్నాడు. ఆ మాటకి సిగ్గుపడి ఇవాళ పొద్దున్నే గాదోర్ ఆ ముక్కని యూనివర్సిటీలో గాలి గొట్టానికి బిగించి చూసింది. వలలోంచి గాలి శుభ్రంగా పోతోంది. అందులో ఏ లోపమూ లేదు.

అంటే ఇన్నాళ్ళూ ఆమె లెక్కలో వలకి వేసిన అంకె వలది కాదు. థర్మామీటర్ చెప్పిన నలభై ఆరూ, కంప్యూటర్ చెప్పే వేడీ ఒకటయ్యేదాకా తనే ఆ అంకెని కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయింది. ఈ వృత్తిలో అందరూ చేసే పనే, ఎవరూ దొంగతనం అనరు. కానీ పొద్దున ఆ గొట్టం ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఆమెకి దొంగతనం లాగానే అనిపించింది. కంప్యూటర్ ముందు కూర్చుని వలకి అసలు అంకె వేసింది. కాసేపు ఆలోచించి, తెరలు మూసి ఉన్నాయని మార్చి లెక్క వేయించింది. మొదటిసారికే కుదిరిపోయింది, ఏ సాలులో ఎంత వేడో అంతా.

తెరలు తెరిచే ఉన్నాయని చెప్పింది నాన్న. అందుకే ఊరంతా మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆమె కారు నాన్న గ్రీన్‌హౌస్ దారి పట్టింది. మా సందుల్లో కారు నడపాలంటే రెండు అద్దాలూ మడవాలి. ఒకరి ప్లాస్టిక్ గోడకీ మరొకరి ప్లాస్టిక్ గోడకీ మధ్య కారు తిరగడానికి కూడా చోటు ఉండదు, వెనక్కి రావాలంటే వెనక్కే నడపాలి.

లోపలికి అడుగు పెట్టగానే ఊపిరి గొంతులోనే ఆగింది. నాలుగు తెరలూ కిందికి దించి ఉన్నాయి. ఇందలేసియో రెండో సాలులో నిలబడి తీగలకి దారం ముడి వేస్తున్నాడు. టోపీ చెమటకి తడిసి నల్లగా అయింది.

"ఈ ఎండలో ఎందుకొచ్చావే? ఇంట్లో పడుకోక."

"తెరలెందుకు మూశావు నాన్నా?"

"తూర్పుగాలి కొడుతోంది. అవతల సెరాఫిన్ మొక్కలు పీకిస్తున్నాడు. ట్రాక్టర్ మోత వినపడట్లేదూ?"

వినపడుతూనే ఉంది. జూన్‌లో పాత పంట పీకితే, దాని మీద బతికిన తెల్లదోమంతా లేచి గాలివాటున పక్క వాళ్ళ పచ్చని పంట మీద వాలుతుంది. ఆ దోమతో ఆకుని చెంచాలా ముడిచేసే తెగులు వస్తుంది. అందుకే గాలికి దిగువనున్న వాళ్ళు తెరలు దించుకుని కూర్చుంటారు. ఇది మా ఊళ్ళో ఒకరు ఇంకొకరికి చెప్పేది కాదు, పుట్టుకతో వచ్చేస్తుంది. ఆ పుట్టుకతో వచ్చిందే గాదోర్ తన లెక్కలో వెయ్యడం మరిచిపోయింది.

"లహ్సెన్ పడిపోయిన రోజు కూడా తూర్పుగాలే కదా."

"ఏమో. గుర్తులేదు."

"నాకు గుర్తుంది. నా యంత్రం రాసి పెట్టింది. ఆ రోజు కూడా ఎవరో పీకించి ఉంటారు."

"జూన్ నెలమ్మా ఇది. రోజూ ఎవడో ఒకడు పీకిస్తూనే ఉంటాడు."

"తెరలు తెరిచే ఉన్నాయన్నావు."

"అన్నాను."

"నా మొహం చూసి చెప్పు."

"నీ మొహంలో కొత్తగా ఏముందే, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "పద, బయట నీడలో కూర్చుని మాట్లాడుకుందాం. ఇక్కడ ఉడికిపోతావు."

"వద్దు. ఇక్కడే మాట్లాడదాం. ఆయన ఇక్కడే కదా పడింది."

ముసలాయన దారపు ఉండని జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా టమాటా తీగలు తలకంటే ఎత్తు ఉన్నాయి. ఆకుల సందుల్లోంచి ఆయన మొహం సగమే కనిపిస్తోంది. సాలు చివర ఆమె తగిలించిన థర్మామీటర్ అంకె ఒక్కోటీ పైకి ఎక్కుతోంది.

"తెరలు తెరిచి ఉంటే ఏం చేసినా లెక్క కుదరడం లేదు నాన్నా. వల బదులు దుప్పటి కట్టినా అంత వేడి రాదు. మూశాననుకుంటే ఒక్కసారికే కుదిరింది."

"లెక్కలేగా. మారుస్తూ ఉంటారుగా మీరు."

"మార్చాను. నీ మాట నమ్మి మార్చాను. నువ్వు తెరిచే ఉన్నాయన్నావని, మావయ్య వలని దొంగని చేశాను. ఇంకాసేపట్లో ఊరందరి ముందూ చెయ్యబోతున్నాను."

ఆ మాట ఇందలేసియోకి తగిలింది. తీగలు పక్కకి తప్పించి ఇవతలికి వచ్చాడు. తలకిందులు చేసిన డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

"నేనే మూశాను," అన్నాడు. "పొద్దున్నే. నాలుగు వైపులా."

ఆమెకి కోపం కంటే ముందు ఊరట కలిగింది. తన లెక్క నిజమే అని. ఆ ఊరటకి ఆమె తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

"నాలుగు వైపులా ఎందుకు? దోమ తూర్పు నుంచి కదా వచ్చేది. ఆ ఒక్కటీ దించి పడమటిది తెరిచి ఉంచితే చాలు, ఆయన పడిపోయేవాడు కాదు. తాతయ్య అలాగేగా చేసేవాడు?"

"మీ తాతే కాదు, నేనూ అలాగే చేసేవాణ్ణి. మొన్న క్రిస్మస్ దాకా."

"మరి?"

"క్రిస్మస్‌కి వచ్చినప్పుడు వంటింట్లో కంప్యూటర్ పెట్టి నువ్వేగా చూపించావు. గాలి గ్రీన్‌హౌస్ నెత్తి మీంచి దాటుకుపోయి, వెనకాల సుడి తిరిగి, పడమటి తెరలోంచి మళ్ళీ లోపలికి దూరుతుందని. ఎర్ర బాణాలు. మీ అత్త కూడా చూసింది." ముంజేత్తో మూతి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా వెనకనుంచి దోమ ఎలా వస్తోందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నా. నా కూతురు చెప్పింది కదా అని అప్పట్నుంచి నాలుగూ మూస్తున్నా. ఎంత గొప్పగా చెప్పుకున్నానో కాఫీ హోటల్లో. అడుగు, ఎవర్నైనా."

గాదోర్‌కి అడగక్కర్లేదు. ఆ రోజు తను ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. దోసకాయ ముక్కలు తింటూ, బాణాలు వేలితో చూపిస్తూ, నాన్న నోరు తెరుచుకుని వింటుంటే ఇంకా ఇంకా చెప్పింది. సుడి తిరిగే గాలి లోపలికి వస్తుందని చెప్పింది గానీ, ఆ తెర మూస్తే లోపలి వేడి ఎటూ పోదని చెప్పలేదు. నాన్న అడగలేదు, తనకి తట్టలేదు.

"అయినా బుర్ర లేనివాణ్ణి కాదే నేను. వాడికి చెప్పే వెళ్ళా టమాటాల వేలానికి. ట్రాక్టర్ చప్పుడు ఆగగానే తెరలు ఎత్తెయ్ రా, అని. సరే అయ్యా, అన్నాడు. మన లహ్సెన్ చెప్పిన పని చెయ్యనివాడా?"

"మరి ఎందుకు ఎత్తలేదు?"

ఇందలేసియో డబ్బా మీంచి వంగి, కింద రాలిన ఆకు ఒకటి ఏరి పక్కన పడేశాడు.

ఆమె సాలు వెంట పడమటి గోడ దాకా నడిచింది. వేడికి కళ్ళముందు చిన్న చిన్న చుక్కలు తేలుతున్నాయి. మిగిలిన మూడు తెరలూ దుమ్ము పట్టి పసుపు రంగుకి తిరిగాయి. పడమటిది మాత్రం తళతళలాడుతోంది, దుకాణంలోంచి నిన్ననే తెచ్చినట్టు.

"ఇది కొత్తది," అంది.

"పాతది చిరిగింది."

"గాలికా?"

"నేను కోశాను." ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు. "వేలం నుంచి వచ్చేసరికి ప్లాస్టిక్‌లోంచి మసకగా కనిపించాడు, ఈ గోడకి ఆనుకుని పడున్నాడు. చుట్టూ తిరిగి తలుపు దాకా రావడానికి కాళ్ళు రాలేదు నాకు. కత్తి తీసి బయట్నుంచే నిలువునా కోసి లాగాను." కొత్త ప్లాస్టిక్ మీద చెయ్యి వేశాడు. "వాడి జేబులోనూ కత్తి ఉంది తెలుసా. టమాటా గుత్తులు కోసే కత్తి. ఒక్క పోటు పొడిస్తే ఊపిరి ఆడేది. పొడవలేదు. అయ్యగారి ప్లాస్టిక్ కదా అని."

గాదోర్ వంగి తెర చుట్టే ఇనప గొట్టం చివర చూసింది. నాలుగు పలకల మొన అది. హ్యాండిల్ దానికి తొడిగి తిప్పితే తెర పైకి చుట్టుకుంటుంది. నాలుగు తెరలకీ ఒకటే హ్యాండిల్, తలుపు పక్కన మేకుకి వేలాడుతుంది. గొట్టం మొన మీద ఎప్పుడూ చూడని గాట్లు ఉన్నాయి. మెరుస్తున్న కొత్త గాట్లు, చుట్టూతా. చేత్తో తడిమింది. పట్టకారు పళ్ళవి.

"దీన్ని పట్టకారుతో ఎవరు తిప్పారు?"

"వదిలెయ్యమ్మా."

"లహ్సెనేనా?"

"వదిలెయ్యమంటున్నానా."

"హ్యాండిల్ ఉండగా పట్టకారుతో ఎందుకు తిప్పాడు? లేదు కదూ. మేకుకి హ్యాండిల్ లేదు." ఆమె మాట వేగం అందుకుంది. "నువ్వే పట్టుకెళ్ళావు. మూశాక వ్యాన్‌లో పడేసుకుని వేలానికి వెళ్ళిపోయావు. అందుకే కదా తెరలు తెరిచే ఉన్నాయని కథ అల్లావు."

"అవును," అన్నాడు ఇందలేసియో వెంటనే. "నేనే పట్టుకెళ్ళాను. పొరపాటున."

ఇందలేసియోకి అబద్ధం చెప్పడం రాదు. పేకాటలో ఈ ఊళ్ళో ఆయన్ని ఓడించనివాడు లేడు. చేతిలో మంచి ముక్క లేకపోతే టోపీ సర్దుకుంటాడు. ఇప్పుడు రెండు చేతులతోనూ సర్దుకున్నాడు.

గాదోర్ అది చూసింది. నేరుగా తలుపు దగ్గరికి నడిచింది. "ఎక్కడికే? ఆగు. గాదోర్, ఆగు" అంటూ ఆయన వెనకాల వస్తున్నా ఆగలేదు. మేకు మీద హ్యాండిల్ ఎప్పటిలాగే వేలాడుతోంది. తీసి వెలుతురుకి పెట్టి చూసింది. గొట్టానికి తొడిగే బొక్కలో, లోపలి అంచు చుట్టూ, నీలం టేపు అంటుకుని ఉంది.

ఆ నీలం టేపు ఊళ్ళో ఒక్కరి దగ్గరే ఉంది. తన పరికరాలు ఎవరివో తెలియాలని గాదోర్ అన్నింటికీ అదే చుడుతుంది.

ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ రోజు పొద్దున తను ఇక్కడికి వచ్చింది. గాలి వేగం కొలిచే స్తంభం గ్రీన్‌హౌస్ బయట, మూల మీద ఉంది. దాన్ని కిందికి దింపాలంటే గిలక తిప్పాలి, గిలక హ్యాండిల్ యూనివర్సిటీలో మరిచిపోయింది. తలుపులోంచి చెయ్యి పెట్టి మేకు మీది హ్యాండిల్ అందుకుంది. బొక్క కాస్త వదులైతే లోపల నాలుగు చుట్లు టేపు వేసి బిగించింది. స్తంభం దింపింది, యంత్రంలో నమోదైన అంకెలు తీసుకుంది, మళ్ళీ ఎత్తింది. అన్నీ డిక్కీలో పడేసి తలుపు వేసి వెళ్ళిపోయింది. తెరలు దించి ఉన్నాయా ఎత్తి ఉన్నాయా అని తలెత్తి కూడా చూడలేదు. లోపల లహ్సెన్ ఏదో పాట పాడుకుంటున్నాడు. ఆ పాట ఇప్పుడు వినిపించింది ఆమెకి.

హ్యాండిల్ పట్టుకునే నాన్న వైపు తిరిగింది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"ఆ సాయంత్రమే," అన్నాడు ఇందలేసియో. "ఆస్పత్రికి వాడి బట్టలు తీసుకెళ్ళాం చూడు, నీ కారులో. సంచి పెడదామని డిక్కీ ఎత్తితే నీ పెట్టెల మధ్య కనిపించింది. నువ్వు అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నావు. చొక్కాలో దాచుకుని తెచ్చి ఇక్కడ తగిలించా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం చెయ్యను? ఆస్పత్రిలోకి వెళ్ళగానే నువ్వు ఆ గాజు తలుపు దగ్గర నిలబడి ఏడ్చావు. నాన్నా, ఇలా ఎందుకైందో నేను కనుక్కుంటాను, కనుక్కునేదాకా ఊరుకోను, అన్నావు. ఇంక నేనేం చెప్పను?" ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, చెమటకో మరి దేనికో. "తెరలు తెరిచే ఉన్నాయంటే ఎవరూ హ్యాండిల్ అడగరనుకున్నా. అంతే. మీ మావయ్య మీదికి పోతుందని అప్పుడు తోచలేదు."

"తర్వాత తోచింది కదా."

"తోచింది." తల వంచుకున్నాడు. "హినేస్ నిలదొక్కుకుంటాడే. రెండుసార్లు చితికిపోయి లేచినవాడు. నీ సంగతి అలా కాదు. ఈ పని మీద నీ పేరు ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. కోర్టని తిప్పుతారు. సాయంత్రం వెళ్ళి ఆ వల బొమ్మే చూపించు తల్లీ. మీ అమ్మ ఉంటే నా పీక పిసికేది, తెలుసు. అయినా చూపించు."

గాదోర్‌కి ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని అనుకుంది. నిజం చెబితే మావయ్య బతుకుతాడు, తన పేరు పోతుంది, అబద్ధం చెప్పాడని నాన్ననీ లాగుతారు. చెప్పకపోతే వల దొంగ అవుతుంది. ఎటు చూసినా ఈ నాలుగు తెరల్లాగే దారులన్నీ మూసుకుని ఉన్నాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, నాన్న చెప్పిన దారిలోకి తన మనసు ఒక్క క్షణం నిజంగానే తొంగి చూసింది.

"తెర ఎత్తు నాన్నా. ముందు ఊపిరి ఆడనీ."

"సెరాఫిన్ ఇంకా పీకిస్తున్నాడే. దోమంతా..."

"ఎత్తు నాన్నా."

ఆయన హ్యాండిల్ కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో ఆమెకే తెలియదు, వేళ్ళు బిగుసుకుపోయాయి. సరిగ్గా అప్పుడే బయట వల తలుపు కిర్రుమంది. ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

యామ్నా. ఆస్పత్రి నుంచి బస్సు దిగి ఆ ఎండలో నడిచి వచ్చినట్టుంది, తల గుడ్డ జారిపోయింది. ఆయాసంతో మాట రావడం లేదు.

"కళ్ళు తెరిచాడు," అంది. "గాదోర్ గారూ, కళ్ళు తెరిచాడు. మాట్లాడాడు."

ఇందలేసియో తలుపు పక్కనే నేల మీద కూలబడి మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గాదోర్ యామ్నా భుజాలు పట్టుకుంది. ఆ ఒక్క నిమిషం సంతోషం తప్ప వాళ్ళ ముగ్గురికీ ఇంకేమీ గుర్తు లేదు.

"ఏమన్నాడు? ఏం మాట్లాడాడు?"

"లేచిందగ్గర్నుంచీ ఒకటే మాట, ఒకటే ఏడుపు." యామ్నా తల గుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. "హ్యాండిల్ పోగొట్టేశానంటాడు. అయ్యగారు మేకుకి తగిలించి వెళ్ళారు, నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయాను, నా నిర్లక్ష్యం వల్లే టమాటాలు పాడయ్యాయి, పని పోతుంది అని. నర్సు మందిచ్చినా ఊరుకోవట్లేదు. నన్ను పంపించాడు. సాయంత్రం సంఘంలో మీరు మాట్లాడతారంట కదా. తప్పు లహ్సెన్‌దే, కానీ కావాలని చెయ్యలేదు, క్షమించమన్నాడని అందరితో చెప్పండి. మీరు చెబితే వింటారని అన్నాడు. మీరంటే అతనికి ఎంత గురి..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె చూపు గాదోర్ చేతి మీద పడింది.

"ఇదేనా అది?" యామ్నా మొహం విప్పారింది. దగ్గరికి వచ్చి ఆ ఇనప కడ్డీని రెండు వేళ్ళతో తాకింది. "అయ్యో, దొరికిందా. అతనికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతా, ప్రాణం లేచి వస్తుంది." జేబులోంచి ఫోన్ తీసి, చెవి దగ్గర పెట్టుకుని, అవతల మోగుతుండగా గాదోర్ మొహంలోకి ఆశగా చూసింది.

"ఎక్కడ దొరికిందని చెప్పనండీ?"